పద్నాలుగు కిలోలకు పదిహేను సేర్లు

మొన్న వికారాబాద్‌లో మోకాళ్ల డాక్టరు దగ్గరకు వెళ్తే, లోపలికి పంపేముందు అక్కడి నర్సమ్మాయి నన్ను గోడ పక్కనున్న మిషన్ మీద నిలబెట్టి, ఎర్రగా వెలిగిన అంకె చూసి, యాభై ఆరు అని చెప్పింది. ఆ మాట పూర్తి కాకముందే నేను మనసులో అరవై సేర్లు, అంటే మణుగున్నర, అనుకున్నాను. తర్వాత ఎత్తు అడిగితే ఐదడుగుల ఒక అంగుళం అన్నాను. సెంటీమీటర్లలో రాయాలని ఆ అమ్మాయి ఫోన్ తీసి లెక్క చూడబోతుంటే, నూట యాభై ఐదు వేసుకోమన్నాను. ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు, ఎందుకో అలసట వచ్చింది. సేరు అనే మాటను సర్కారు తీసేసి అరవై ఏళ్లు దాటింది, నేను పిల్లలకు లెక్కలు చెప్పే ఉద్యోగం నుంచి దిగిపోయి కూడా చాలా కాలమైంది, అయినా ఎవరు ఏ అంకె చెప్పినా దాన్ని ఇంకో అంకెలోకి మార్చుకునే పని నా తలలో ఆగడం లేదు.

నా వయసు వాళ్లకు ఇది వింతగా అనిపించదు. మనమంతా రెండు కొలతల మధ్య పెరిగాం, రెండూ వదలకుండా ముసలివాళ్లమయ్యాం. ఇప్పటికీ మా ఇంట్లో బియ్యం కిలోల్లో కొంటాం, పొలం ఎకరాల్లో, గుంటల్లో చెప్పుకుంటాం, ఇంటి జాగా గజాల్లో కొంటాం. జాకెట్టు బట్ట మీటరు చింపించుకుని, కొలతలు మాత్రం దర్జీకి అంగుళాల్లో ఇస్తాం. తాండూరు నాపబండలు ఎంత పెద్ద భవనానికి వెళ్లినా చదరపు అడుగుల లెక్కనే లారీ ఎక్కుతాయి. జ్వరం నూట రెండు అంటేనే భయపడతాం, ముప్పై తొమ్మిది అంటే ఎవరికీ కంగారు పుట్టదు. మా నాయనమ్మ మెళ్లో ఉన్న తులం బంగారానికీ, ఈనాడు షాపులో తులం అని ఇచ్చే పది గ్రాములకూ తేడా ఉందని ఎంతమందికి తెలుసో నాకు తెలియదు. తెలిసినా ఎవరికి పట్టింపు. ఇవన్నీ చిన్న తేడాలు, వీటివల్ల ఎవరి బతుకూ మారదని అంటారు. మా ఇంట్లో మారింది కనుక నేను ఆ మాట అనలేను.

మా తాత, అంటే నాన్న వాళ్ల నాన్న, తాండూరు గంజిలో, అంటే ధాన్యం మార్కెట్టులో, అడ్తి దుకాణం నడిపేవాడు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి కందులు తెచ్చే రైతులకు, కొనుక్కుపోయే వ్యాపారులకు మధ్యన నిలబడి తూకం వేయించడం ఆయన పని. పొలాలు కూడా ఉండేవి కాబట్టి అందరూ పటేలా అనే పిలిచేవాళ్లు. ఆయనకు తూకం అంటే దేవుడి గది శుభ్రం లాంటిది. ఎనభై తులాలు సేరు, నలభై సేర్లు మణుగు, ఇందులో ఆవగింజంత తేడా వచ్చినా ఒప్పుకునేవాడు కాదు. బస్తా కాంటాకు ఎక్కించాక రైతు ముఖం, వ్యాపారి ముఖం రెండూ చూడకుండా ముల్లునే చూసేవాడు. గంజిలో ఎవరికి ఎవరి మీద అనుమానం వచ్చినా మా తాత కాంటా దగ్గరకే వచ్చేవాళ్లు. ఇంట్లో కూడా అంతే. పెరుగు పుల్లగా ఉందంటే నమ్మడు, పాలు ఎన్ని పోశారో అడుగుతాడు.

నాకు తొమ్మిదో ఏడు నడుస్తున్నప్పుడు మా అమ్మకు క్షయ వచ్చింది. అప్పట్లో ఆ జబ్బు పేరు ఇళ్లలో గట్టిగా అనేవాళ్లు కాదు, దగ్గుజబ్బు అని ఊరుకునేవాళ్లు. అనంతగిరి గుట్ట మీద ఆ జబ్బుకు పెద్ద దవాఖాన ఉండేది, అడవి గాలి మంచిదని అక్కడ నెలల తరబడి ఉంచుకుని మందు ఇచ్చేవాళ్లు. అమ్మను అక్కడ చేర్పించారు. పిల్లలను రానివ్వరు కనుక నేను వెళ్లలేదు. పెద్దవాళ్లు వెళ్లవచ్చు, కానీ జబ్బు అంటుకుంటుందన్న భయం. మా నాన్న మొదట్లో రెండుసార్లు వెళ్లి, బయటే నిలబడి వచ్చాడని తర్వాత తెలిసింది. ఆయన చెడ్డవాడు కాదు, ఏ సంగతిలోనూ ముందు తను మాట్లాడని మనిషి, అంతే. తాత, నాయనమ్మ అసలు వెళ్లలేదు. వికారాబాద్‌లో గది తీసుకుని చదువుకుంటున్న మా చిన్నాన్న ఒక్కడే వారం వారం గుట్ట ఎక్కి, వదినెను చూసి, శనివారం ప్యాసింజరు రైల్లో తాండూరు వచ్చి ఇంట్లో కబురు చెప్పేవాడు.

కబురు అంటే ఏముంది, ఒక అంకె. ఆ దవాఖానలో వారానికొకసారి రోగులందరినీ తూచేవాళ్లు. దగ్గు తగ్గిందా, ఆకలి వేస్తోందా అన్నవి ఎవరికి వాళ్లు చెప్పుకునే మాటలు, బరువు పెరిగిందంటేనే జబ్బు లొంగుతున్నట్టు లెక్క. నూరు పౌండ్లు దాటితే ఇంటికి పంపుతామని డాక్టరు చిన్నాన్నకు చెప్పాడట. అమ్మ చేరిన రోజున డెబ్బై రెండు పౌండ్లు తూగింది. పౌండ్లు అంటే మా తాతకు నచ్చేది కాదు, అది ఎవరో దూరదేశం వాళ్ల తూకం. ఆయన వేళ్ల మీదే లెక్క కట్టి, డెబ్బై రెండు పౌండ్లకు సరిగ్గా ముప్పై ఐదు సేర్లు అని తేల్చాడు. నేను పెద్దయ్యాక ఆ లెక్క ఎన్నోసార్లు సరిచూశాను, వెంట్రుకవాసి తేడా లేదు. అప్పటి నుంచి అమ్మ బరువు మా ఇంట్లో సేర్లలోనే నడిచింది. చిన్నాన్న కూడా తండ్రి మనసు తెలుసుకుని, రైల్లో కూర్చునే లెక్క వేసుకుని వచ్చి, ముప్పై ఎనిమిది, నలభై ఒకటింబావు అని సేర్లలోనే చెప్పేవాడు. అమ్మ పెరుగుతూ వచ్చింది. తొంభై పౌండ్లు, అంటే నలభై మూడు సేర్ల మూడు పావులకు వచ్చిన శనివారం నాయనమ్మ పాయసం వండింది. అమ్మ ఎలా ఉందో, నన్ను అడిగిందో లేదో చిన్నాన్నను పక్కకు పిలిచి అడిగేదాన్ని నేనే. ఆ ఇంట్లో అంకె తప్ప ఇంకేదైనా అడిగింది నేనొక్కదాన్నే కాబోలు.

తర్వాత చిన్నాన్న పరీక్షలు రాయడానికి హైదరాబాద్ వెళ్లి, అక్కడే జ్వరం పడి చాలా వారాలు రాలేదు. అంకె లేని శనివారాలు తాతకు కష్టంగా గడిచాయి. మా వీధిలో నాపబండల వ్యాపారం చేసే ఒక పెద్దమనిషి ఉండేవాడు. ఆయన అక్కకూ అదే జబ్బు, ఆమెనూ అక్కడే చేర్చారు. ఆమెను చూడటానికి వెళ్తుంటే, మా కోడలు ఎంత తూగిందో కనుక్కుని రమ్మని తాత చెప్పి పంపాడు. ఆయన తిరిగి వచ్చిన సాయంత్రం నేను అరుగు మీద కూర్చుని కందుల్లో మట్టిబెడ్డలు ఏరుతున్నాను. అందుకే ఆ మాటలు నాకు అలాగే గుర్తున్నాయి.

“నలభై రెండట పటేలా.”

“నలభై రెండా? మంచిగ ఇన్నవా?”

“రెండు మాట్ల అడిగిన. నలభై రెండే అన్నరు. మనిషైతె మంచిగనే కనవడ్డది. నన్ను జూసి నవ్వింది గూడ.”

“నీ కండ్లకేం ఎరుక. కాంటా అబద్ధమాడది,” అన్నాడు తాత.

ఇక్కడ ఆగి, ఆయన ఎలా ఆలోచించాడో చెప్పాలి, లేకపోతే ఆయనను మూర్ఖుడు అనుకుంటారు. నలభై రెండు పౌండ్లు అంటే ఏడేళ్ల పిల్ల బరువు, నిలబడి నవ్వే ఆడమనిషి అంత తూగదు. కనుక పౌండ్లు కావు. చిన్నాన్న ఎప్పుడూ సేర్లలో చెప్పేవాడు కాబట్టి, దవాఖాన వాళ్లకు మా ఇంటి అలవాటు తెలిసి సేర్లలోనే చెప్పి ఉంటారు. కనుక సేర్లు. నలభై మూడు ముప్పావు నుంచి నలభై రెండుకు వచ్చిందంటే సేరు మూడు పావులు పోయింది, పెరుగుతూ వచ్చిన మనిషి తరగడం మొదలైంది, ఈ జబ్బులో ఒకసారి తరగడం మొదలైతే ఇక ఆగదు. ప్రతి అడుగూ సరైనదే. ఆ మధ్య వారాల్లో దవాఖానలో పాత కాంటా తీసి కిలోల కాంటా పెట్టారన్న ఒక్క సంగతి ఆయనకు తెలియదు. కిలోలు వస్తున్నాయని ఆయనా విన్నాడు. కానీ మా గంజికి ఇంకా రాలేదు, గంజికి రానిది ఆయన దృష్టిలో ఎక్కడికీ వచ్చినట్టు కాదు.

నాయనమ్మ తమ్ముడు అంతకు ముందే ఒకటి రెండుసార్లు మా నాన్నకు ఒక సంబంధం సంగతి ఎత్తాడు, తాత సాగనివ్వలేదు. ఇప్పుడు మళ్లీ వచ్చాడు. యాలాల్ దగ్గరి పల్లెలో ఒక పిల్ల ఉందనీ, తండ్రి లేనిదనీ, పనిమంతురాలనీ చెప్పాడు. ఇంటికి మగపిల్లవాడు లేడని నాయనమ్మ అంది. ఆ పూట తాత అన్నం ముందు కూర్చుని ఒక్క మాట అన్నాడు.

“నలభై అయిదన్న ఉంటె నేను ఒప్పుకోకపోదును.”

మా నాన్న తలెత్తలేదు. రెండో పెళ్లి చేసుకోకూడదని చట్టం అప్పటికే వచ్చింది, కానీ కిలోల్లాగే అది కూడా మా ఇళ్లలోకి ఇంకా రాలేదు. నెల తిరగకుండానే ఆ పల్లెలోనే, బాజాలు లేకుండా పెళ్లి జరిగింది. పద్దెనిమిదేళ్లు ఉంటాయేమో, పొట్టిగా, బెదురుగా ఉన్న పిల్ల మా ఇంటికి వచ్చింది. చిన్నమ్మ అని పిలవమన్నారు. నేను పిలవలేదు. అమ్మకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఇది జరిగిన కొద్దిరోజులకు గంజికి కొత్త తూకపురాళ్లు వచ్చాయి. సర్కారు మనుషులు వచ్చి, పాత సేరు రాళ్ల మీద ఇక తూచకూడదని చెప్పి, ముద్ర వేసిన కిలో రాళ్లు ఇచ్చి వెళ్లారు. మా తాత ఎవరు చెప్పినా నమ్మే రకం కాదు కనుక, పాత రాళ్లను వాళ్లకు అప్పగించేముందు ఒక తట్టలో సేరు రాళ్లు, ఒక తట్టలో కిలో రాళ్లు పెట్టి, ఏది ఎంతకు సమానమో తనే చూడాలని కూర్చున్నాడు. జ్వరం తగ్గి ఇంటికి వచ్చిన చిన్నాన్న పక్కన ఉన్నాడు. ఒకటికి ఒకటి పెడితే కిలో వైపు మొగ్గింది. రెండు, మూడు, ఇలా పెంచుకుంటూ పోతే పద్నాలుగు కిలోలకు పదిహేను సేర్లు పెట్టినప్పుడు ముల్లు నడుమ నిలబడింది. గంజిలో చుట్టూ ఉన్నవాళ్లు లెక్క సులువుగా కుదిరిందని సంతోషించారట. తాత మాత్రం ఆ పద్నాలుగును చూస్తూ, మూడు పద్నాలుగులు నలభై రెండు అని పైకే అన్నాడట. మూడు పదిహేనులు నలభై అయిదు అనడానికి ఆయనకు నోరు రాలేదని చిన్నాన్న చెప్పేవాడు. ఆ పూటే చిన్నాన్న రైలెక్కి గుట్ట మీదికి వెళ్లాడు. దవాఖాన మెట్ల మీదే కనబడింది కొత్త కాంటా. అమ్మ అప్పటికి నలభై ఐదు కిలోలు తూగుతోంది, ఇంకో అరకిలో వస్తే నూరు పౌండ్లు నిండుతాయి.

అమ్మకు పెళ్లి సంగతి చెప్పింది కూడా చిన్నాన్నే. ఆమె ఏమందో ఆయన ఎవరికీ చెప్పలేదు, నేను ఎన్నిసార్లు అడిగినా చెప్పకుండానే పోయాడు.

అమ్మను తీసుకురావడానికి తాత స్వయంగా వికారాబాద్ వెళ్లాడు. ఆ గుట్ట ఆయన ఎక్కడం అదే మొదటిసారి. మధ్యాహ్నం బండిలో ఇద్దరూ దిగి, స్టేషను నుంచి ఇంటిదాకా నడిచి వచ్చారు. నేను ఎదురెళ్లాను. నా అమ్మ నాకు గుర్తున్నదానికంటే లావుగా, తెల్లగా ఉంది, అది నాకు ఎంతో ఆశ్చర్యం. చిన్నమ్మ వంటింటి గుమ్మంలో తడిచేతులతో నిలబడి ఉంది. అమ్మ ఆమె వైపు ఒకసారి చూసి, తాత వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

“కాంటాను అడిగి తెలుసుకున్నరు గని, నన్ను ఎవ్వలు అడగలే మామా. తాండూర్ల రైలెక్కితె ఒక పూటల వచ్చి పోదురు. ఒక్కసారొచ్చి సూసిపోతె అయిపోతుండె.”

తాత భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. ఆ తర్వాత ఆయన ఎన్నో ఏళ్లు బతికాడు. దుకాణంలో కూర్చునేవాడు, తూకం వేయించేవాడు, కానీ ముల్లు చూడమని చిన్నాన్నకు చెప్పి తను పక్కకు చూసేవాడు.

ఇద్దరు ఆడవాళ్లు ఒకే ఇంట్లో ఎలా ఉన్నారని నన్ను చాలామంది అడిగారు. పోట్లాడుకుని ఉంటే నాకు చెప్పడం సులువయ్యేది. అమ్మ మొదట్లో చిన్నమ్మను పేరు పెట్టి పిలవలేదు, మూడు సేర్ల పిల్ల అనేది. నలభై రెండుకూ నలభై ఐదుకూ నడుమనున్న ఆ మూడు సేర్ల సందులోంచి వచ్చిందని. అది ఎత్తిపొడుపు, ఇంట్లో అందరికీ తగిలేది, నాన్నకు ఎక్కువ తగిలేది. చిన్నమ్మ తలవంచుకుని పని చేసుకునేది. ఏళ్లు గడిచాక ఆ మాటలో వాడి పోయి, పిలుపు మిగిలింది. నాకు బాగా గుర్తు, ఒకసారి పప్పు మాడ్చినందుకు అమ్మ కేకలేస్తే చిన్నమ్మ అన్నది:

“మూడు సేర్లదాన్ని తెచ్చుకుంటె గింతే అయితది అక్కా. మణుగుదాన్ని తెచ్చుకోవద్దా.”

అమ్మ నవ్వడం ఆపుకోలేక గంటె పక్కన పెట్టేసింది. నేను చిన్నమ్మ అని పిలవడం మొదలుపెట్టింది ఆ రోజుల్లోనే.

చిన్నమ్మకు మగపిల్లవాడు పుట్టాడు. పుట్టిన పిల్లవాడిని తూచుదామని మంత్రసాని అంటే తాత వద్దన్నాడు. వాడిని ఎక్కువగా పెంచింది అమ్మే. ఇప్పుడు వాడు తాండూరులో నాపబండల వ్యాపారం చేస్తున్నాడు, వాడికీ తల నెరిసింది. నాకు తోడబుట్టినవాడు ఎవరంటే వాడే. ఆ నలభై రెండును మా తాత సరిగ్గా అర్థం చేసుకుని ఉంటే వాడు లేడు. అమ్మకు అన్యాయం జరిగిందని నేను ఎంత గట్టిగా అనుకున్నా, ఆ లెక్క సరిగా రావాలని కోరుకుంటే నా తమ్ముడిని తీసేసినట్టే అవుతుంది. ఈ రెంటినీ నేను ఇన్నేళ్లలో ఒకచోట కుదర్చలేకపోయాను. బడిలో ఎన్నో లెక్కలు చెప్పాను కానీ ఇలాంటిది చెప్పాల్సి రాలేదు.

అమ్మ ఆ తర్వాత ఇంకెప్పుడూ కాంటా ఎక్కలేదు. పెద్దతనంలో షుగరు వచ్చినప్పుడు కూడా ఏ డాక్టరు చెప్పినా ఎక్కేది కాదు, నన్ను జూసి మందు రాయి సారూ అనేది. కొందరు విసుక్కునేవాళ్లు, కొందరు నవ్వి ఊరుకునేవాళ్లు. అందుకే మా ఇంట్లో పుట్టినరోజులు, పోయినరోజులు, ఎవరి ఎత్తు ఎంత, ఎవరి పొలం ఎన్ని గుంటలు అన్నీ చెప్పగల నాకు, అమ్మ చివరి ఏళ్లలో ఎంత తూగేదో మాత్రం తెలియదు. దహనం రోజున ఆమెను ఎత్తిన మా తమ్ముడు, అక్కా, అమ్మ ఏం బరువు లేదే అన్నాడు. నా దగ్గర ఉన్న లెక్క అంతే.

ఇప్పుడు దేశమంతా ఒకటే కిలో. యాలాల్‌లోనైనా పరిగిలోనైనా హైదరాబాద్‌లోనైనా నలభై రెండంటే నలభై రెండే, ఎవరూ పొరబడే వీలు లేదు. ఇది మంచి మార్పు, నేను దీన్ని పిల్లలకు మనస్ఫూర్తిగా నేర్పాను. ఆడపిల్లలు మిషన్ ఎక్కి రెండు కిలోలు తగ్గానని సంబరపడి ఫోటో తీసుకుంటున్నారు, బరువు తగ్గితే ఇంట్లో తన చోటు పోతుందేమోనన్న భయం వాళ్లకు లేదు. అదీ మంచిదే. అయినా మా చుట్టాల్లో ఎవరికైనా బాగాలేదని తెలిస్తే ఫోన్లో ముందుగా వచ్చేది అంకెలే, షుగరు ఇంత, బీపీ ఇంత, బరువు ఇంత అని. అంకె సరైనదే ఉంటుంది, విన్నవాళ్లు హమ్మయ్య అనుకుని ఫోన్ పెట్టేస్తారు. నేను కొంతకాలంగా ఎంత ఉందని అడగడం మానుకున్నాను. మోకాళ్లు సహకరించిన రోజున బస్సో రైలో ఎక్కి వెళ్లి, మనిషి పక్కన కాసేపు కూర్చుని చూసి వస్తాను. సహకరించని రోజులే ఈ మధ్య ఎక్కువయ్యాయి. ఆ రోజుల్లో వాళ్లు చెప్పిన అంకె విని, నేనూ సరే అంటున్నాను.